వంతెన కింద ఎవరు?

మొరావా నది మీద కొత్త హైవే వంతెన. బరువు పరీక్షకి కంకర లారీలు ఎక్కబోతున్నాయి. వంతెన కట్టిన ఇంజనీరు కోపంగా తన హెల్మెట్ తీసి డైరెక్టరు చేతిలో పెట్టింది.

“ఇదేంటమ్మాయ్? పరీక్షప్పుడు కట్టిన ఇంజనీరే వంతెన కింద నిలబడాలి. అది మన ఆనవాయితీ.”

“గడ్డకట్టే చలిలో కాంక్రీటుకి బలం రాదు, పోయొద్దని మొత్తుకున్నాను. పోయించిందెవరు సార్?”

“పాత గొడవలెందుకిప్పుడు?”

“గడువులోగా ముగించారని మీరు డైరెక్టరయ్యారు. అడ్డుపడ్డానని నా ప్రమోషన్ ఆపేశారు.”

“ఈసారి నీకే ఇప్పిస్తాలే. ధైర్యానికి ఓ గుక్క రాకియా సారా వేసుకుని పోయి నిలబడు.”

“వంతెన గట్టిదేగా? మీరే నిలబడండి.”

“నాకు పెళ్లాంపిల్లలున్నారు!”

“ఆ డ్రైవర్లకు లేరా?”

ఆయన లారీల వంక చూశాడు. హెల్మెట్ పెట్టుకోలేదు.

“సరే... వెనక్కి తిప్పమను.”

“నా మాట ఎవరు విన్నారు గనక? మీరే అరవండి, డైరెక్టరుగారూ!”