అత్తగారు దులిపిన బూజు

దులపకే తల్లీ. ఆ కమలాపండుని అలాగే కాగితంలో చుట్టి బయట పారేసిరా. ఆ పచ్చపొడి ఎగిరిందంటే బుట్టలో మిగతావి కూడా పోతాయి. నాకెలా తెలుసా? మీ తాతయ్య వాళ్ళమ్మ, అదే మా అత్తగారు, ఆవిడ పుణ్యమా అని తెలిసింది. శుభ్రం పిచ్చి ఆవిడకి. నేను కాపురానికొచ్చిన కొత్తలో కూర్చున్న చోటు నుంచి లేస్తే చాలు, వెనకాలే చీపురు. ఏం చెప్తున్నానూ... ఆఁ, బూజు. మా తోడికోడలు, అక్కా అని పిలిచేదాన్నిలే, పండ్ల గోడౌన్లో పనిచేసేది. బూజు పట్టకుండా పండ్లని మందునీళ్ళ తొట్టిలో ముంచి తియ్యాలి. పొద్దస్తమానం అందులోనే చేతులు. వేళ్ళ సందుల్లో పగుళ్ళు, పుళ్ళు, ఉప్పు తగిలితే కళ్ళనీళ్ళే. గ్లౌజులా? ఎవరిస్తారే. అత్తగారు పైగా, "సరిగ్గా కడుక్కోదు, అందుకే" అని మూతి తిప్పేది. వినలేక చచ్చేదాన్ని.

మా బావగారిది, అదే అక్క మొగుడిది, మసాలా దినుసుల కొట్టు. ఓసారి లవంగాల డబ్బాలో నిమ్మకాయ పడిపోయి ఎన్నాళ్ళకో దొరికింది. ఎండి గట్టిపడిందే గానీ మచ్చుకైనా బూజు లేదు. ఇక ఆయన కాలు నిలిస్తేనా. గోడౌన్ యజమాని దగ్గరికెళ్ళి, "ఓ గదికి సరిపడా పండ్లివ్వండి. లవంగ నూనె, దాల్చినచెక్క నూనె గిన్నెల్లో పెట్టి తలుపులు మూసేస్తాను, ఆ ఘాటుకి బూజు రాదు. లారీ వచ్చేదాకా నిలిస్తే తొట్టి తీసెయ్యాలి" అన్నాడు. "నిలవకపోతే మళ్ళీ ఈ మాటెత్తకూడదు" అన్నాడు యజమాని. మా వెనకగదిలోనే పెట్టారు. ఇల్లంతా పంటిడాక్టరు దగ్గర వాసనే అనుకో. పండ్లు మాత్రం నిగనిగలాడుతున్నాయి. అక్క రహస్యంగా, "మళ్ళీ నా ఉంగరం వేలికి పడుతుందంటావా" అని అడిగింది నన్ను.

ఇంతలో నూనె అయిపోవస్తోందని బావగారు పొరుగూరెళ్తూ, "అమ్మా, గదిలో బూజు వచ్చిందేమో ఓ కన్నేసి ఉంచు" అన్నాడు. ఆయనన్నది పండ్ల మీది బూజు. ఆవిడకి బూజంటే దులిపేదే కదా. ఘాటుకి తలనొప్పొస్తోందని కిటికీలన్నీ బార్లా తెరిచి, పైకప్పు దులిపి, మూలనున్న పెట్టెలో ఓ పండుకి పచ్చగా పడితే దాన్నీ దులిపి, అదే చీపురుతో పెట్టెలన్నీ రుద్దిపెట్టింది. మాకెవరికీ తెలీదు. నూనె దొరికేసరికి వారం పట్టింది, ఊళ్ళో దిగుతూనే బావగారు యజమానిని వెంటబెట్టుకొచ్చి తలుపు తీశాడు. గదంతా పచ్చటి నూగు, తలుపు గాలికే పొగలా లేచింది. యజమాని ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయాడు. బావగారు గోడకానుకుని కూలబడ్డాడు. అత్తగారేమో బిత్తరపోయి, "నేను శుభ్రం చేశాను కదరా" అంది. "పోనీలెండి అత్తయ్యా" అంది అక్క.

మర్నాడు పొద్దున్న చూస్తే అత్తగారు ఇంట్లో లేదు. బావి దగ్గర చూశాం, రోడ్డంతా చూశాం. చివరికి గోడౌన్లో కనిపించింది. చీర ఎగదోపి, మోచేతుల దాకా ఆ మందునీళ్ళలో. యజమానికి ఎవరి చేతులైతేనేం. "లేవండి అత్తయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను" అని అక్క ఏడుస్తుంటే, తలైనా తిప్పకుండా, "పోవే, నీకు ముంచడం చేతకాదు" అంది. అక్కని మళ్ళీ ఆ తొట్టి దగ్గరికి రానివ్వలేదు. ఓపికున్నన్నాళ్ళూ తనే వెళ్ళింది. మంచాన పడ్డాక నేనే ఒళ్ళు తుడిచేదాన్ని. ఆ వేళ్ళు తుడవాలంటే... గోళ్ళేవీ అసలు... సరేలే. వానొచ్చేలా ఉంది, బట్టలు తీసుకురా.