తిరగబడ్డ కార్బన్

ఏమిటే అమ్మడూ ఆ కొట్టుడు? ఆ ల్యాప్‌టాప్ మీటలు నీకేం అపకారం చేశాయని? పక్క గదిలోంచి వింటుంటే మా ఆఫీసు గుర్తొచ్చి లేచొచ్చాను. ఏమిటీ, మీ ఆఫీసరుకా? అందరి ముందూ అంత మాటన్నాడా? అయితే ఉద్యోగం వాడి మొహాన కొట్టేస్తున్నావన్నమాట! కొట్టు, కొట్టు, నేనేం అడ్డం రాను. ఆ కుర్చీ ఇటు లాగు, మోకాళ్ళు నిలబడనివ్వట్లేదు. ఇదిగో, ఇది నొక్కితే రాజీనామా ఉత్తరం వెళ్ళిపోతుందా? అంతేనా? రిజిస్టర్లో ఎక్కించక్కర్లేదా, స్టాంపు అంటించక్కర్లేదా? మా రోజుల్లో ఒక ఉత్తరం గడప దాటాలంటే తల ప్రాణం తోకకొచ్చేది తల్లీ. మేనేజరు నోటితో చెప్పాలి, టకటకమ్మగారు షార్ట్‌హాండులో రాసుకోవాలి, మిషను మీద కొట్టాలి, ఆయన సంతకం పెట్టాలి, అప్పుడు నేను కవర్లో పెట్టి అతికించాలి. అతికించడమే కదా అనుకోకు. అక్కడే మునిగాను నేను.

టకటకమ్మగారంటే ఎవరో తెలీదు కదూ నీకు. మా టైపిస్టు. ఆ పేరు మేం పెట్టిందే, ఎదురుగా మాత్రం మేడమ్ అనేవాళ్ళం. పొట్టిగా ఉండేది, కుర్చీలో రెండు పాత ఫైళ్ళు వేసుకుని వాటి మీద కూర్చునేది. వేళ్ళ కొసలు ఎప్పుడూ నల్లగానే, ఆ కార్బన్ మసి ఎంత రుద్దినా పోయేది కాదు. కాయితం వంక చూడదు, మిషను వంక చూడదు, కిటికీలోంచి ఎటో చూస్తూ కొట్టేది. మధ్యాహ్నం పూట ఆ చప్పుడికి మాకు హాయిగా కునుకు పట్టేది, ఆగిందంటే ఉలిక్కిపడి లేచేవాళ్ళం. నవ్వకు, నిజమే చెప్తున్నాను. ఏం చెప్తున్నాను? ఆఁ, కార్బన్. నకళ్ళు కావాలంటే రెండు కాయితాల మధ్య నల్ల కాయితం పెట్టాలి, మసి వైపు కిందికి. పొరపాటున పైకి పెట్టావో, అసలు కాయితం వీపంతా అద్దంలో చూసినట్టు తిరగరాతలు, నకలు మాత్రం తెల్లమొహం. మళ్ళీ మొదట్నుంచీ కొట్టాల్సిందే. అన్నేళ్ళ సర్వీసు చేసిన మనిషికి నెలకోసారైనా ఆ తప్పు పడేది! మేమంతా వెనకాల ఒకటే నవ్వులు. నేనైతే ఆవిడ నడకతో సహా అనుకరించి చూపించేవాణ్ణి. ఏటా పైకి వెళ్ళే రిపోర్టులో 'పనిలో అజాగ్రత్త' అని రాసేవాళ్ళు. ఆవిడ వెనక చేరినవాళ్ళు సూపరింటెండెంట్లయిపోయారు, ఆవిడ మాత్రం ఆ రెండు ఫైళ్ళ మీదే ఉండిపోయింది.

మేనేజరేమో ప్రెషర్ కుక్కర్. అదీ మేం పెట్టిన పేరే. ముందు ముక్కు ఎర్రబడేది, తర్వాత ఈల. నేను చేరి ఆర్నెల్లు కాలేదు, ఒకరోజు రెండు ఉత్తరాలు అటుదిటు ఇటుదటు పెట్టి అతికించేశాను. ఒకటేమో మా కస్టమరుకి వెళ్ళాల్సింది, 'మీ సహకారానికి కృతజ్ఞతలు' అని. రెండోది హెడ్డాఫీసుకి, 'ఈయన వట్టి తలనొప్పి మనిషి, వదిలించుకుందాం' అని. అర్థమైందిగా? ఆ తలనొప్పి మనిషి ఉత్తరం చేత్తో పట్టుకుని సరాసరి ఆఫీసుకే వచ్చేశాడు! ఆయన వెళ్ళాక కుక్కర్ ఈల వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. "వాడికి ఈ పూటతో సరి! రేపట్నుంచి గుమ్మం తొక్కక్కర్లేదని రాయండి మేడమ్, ఇప్పుడే, ఈ నిమిషమే!" అప్పటికి మీ నాన్న ఇంకా మీ నాయనమ్మ కడుపులో ఉన్నాడు. బయట బెంచీ మీద కూర్చుని ఆ టకటకలు వింటున్నాను, ఒక్కోటీ నెత్తి మీద మొట్టినట్టే ఉంది. అంతలో లోపల్నుంచి మళ్ళీ ఈల. "ఇన్నేళ్ళయినా కార్బన్ పెట్టడం రాదా అమ్మా నీకు? చేతులా అవి, చెక్కలా?" ఆవిడ గొంతు మెల్లిగా, "పొరపాటైందండీ. వేళ దాటిపోయింది, రేపు రాగానే కొట్టి ఇస్తాను." మర్నాడు పొద్దున కుక్కర్లో ఆవిరి లేదు. "సరేలెండి, ఆ కాయితం వదిలేయండి. వాణ్ణి మాత్రం అతికించే ముందు ఒకసారి చదివి చావమనండి" అన్నాడట. ఎంత మంచాయనో అని పొంగిపోయాను నేను. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. కుక్కర్ రిటైరయ్యాడు, కొత్తాయనొచ్చాడు. ఎప్పుడూ నవ్వుమొహమే, పల్లెత్తు మాటనేవాడు కాదు. టైపు గది ఖాళీ చేయమంటే మేడమ్ బల్ల జరపడానికి నేనే వెళ్ళాను. అడుగు సొరుగు ఊడొచ్చి, తాడు కట్టిన కాయితాల కట్ట కింద పడింది. అన్నిటి వీపులూ తిరగరాతలే. ఒకటి తిప్పి చూద్దును కదా, నా పేరు! గుమ్మం తొక్కక్కర్లేదన్న కాయితం. ఇంకోటి అటెండరుది, ఇంకోటి స్టోరు కీపరుది, అన్నీ అలాంటివే. మామూలు ఉత్తరం ఒక్కటంటే ఒక్కటి లేదు. చెత్తబుట్టలో వేస్తే ఎవరి కంటైనా పడతాయని దాచిందన్నమాట. "మేడమ్, ఇవన్నీ..." అంటే, "కార్బన్ తిరగబడింది నాయనా" అంది, అంతే. నేను ఆవిణ్ణి అనుకరించి జనాన్ని నవ్వించినవన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాననుకో.

వారం తిరక్కుండా ఆవిడకే కాయితం తయారైంది. టైపిస్టు పోస్టు తీసేశారు, ఇక ఆవిడ అక్కర్లేదని. కొత్త ప్రింటరు ఇంకా పని చేయట్లేదు. అందుకని ఆ నవ్వుమొహం ఆయన ఆవిడ చేతికే ఇచ్చాడు, "ఇదొక్కటీ కొట్టిచ్చేయండి మేడమ్" అని. ఆవిడ మంచినీళ్ళకని లేచినప్పుడు నేను గబగబా వెళ్ళి మిషన్లో కాయితాలు ఎక్కించాను. మసి వైపు పైకి. అవునే, నేనే. ఒక్క రోజు ఆగితే ఆయన మనసు మారకపోతుందా అని నా ఆశ. ఆవిడొచ్చి కూర్చుంది, అంచు ఎత్తి చూసింది, నా వంక చూసి నవ్వింది. కార్బన్ తీసి సరిగ్గా పెట్టుకుంది. "కోపంగా రాసిందైతే రేపటికి చల్లారుతుంది నాయనా. ఇది చల్లగానే వచ్చింది" అంది. కిటికీలోంచి చూస్తూ ఒక్క తప్పు లేకుండా కొట్టింది. ఉత్తరం అడుగున, ఎవరు కొట్టారో తెలియడానికి టైపు చేసినవాళ్ళ పేరు పొడి అక్షరాలుంటాయి చూడు, అవి కూడా మానకుండా...

ఏమిటే, మూత వేసేశావు? పంపేశావా? రేపా? సరే, నీ ఇష్టం, నేనేమన్నాను? లే, భోంచేద్దాం, మీ నాన్న ఎదురుచూస్తున్నాడు.