తాటిపాకం రంగు

రాజమండ్రిలో కొత్త కాపురం. తాటి నీరా కాచి తీసిన పాకం సీసాలోకి కన్యక, ఆమె భర్త గున్నేశ్వరరావు తొంగి చూస్తున్నారు. నిడదవోలు నుంచి అత్తగారు వచ్చే వేళయింది.

"నల్లగా ఉందా?"

"నల్లగా అంటే... మరీ అంత కాదులే."

"ఏవండీ, నిజం చెప్పండి."

"రైలింజను రంగు."

"ఛీ! అత్తయ్యగారి పాకమైతే సీసా ఎండలో పెడితే గోడంతా పసుప్పచ్చటి వెలుగు. పెళ్లిలో అందరి ముందూ అనేశాను, కెమిస్ట్రీ చదివాను, పాకం కాయడం నాకో లెక్కా అని! ఇవాళ రుచి చూడ్డానికే వస్తున్నారండీ... వేలు నాకకండి!"

"రుచి బావుందోయ్. రంగుకేం, ఏదో కారణం చెప్పేద్దాం. పులవకుండా చెట్టుకి కట్టే లొట్టిలో పూస్తారే సున్నం, అది ఎక్కువైందని?"

"పాపం నీరా దించే వెంకన్న మీద నెట్టేస్తారా? తేటగా తెచ్చాడు."

"పొద్దెక్కాక దించాడని?"

"తెల్లారకుండానే తెచ్చాడు. మీరు గురక పెడుతున్నారు."

"అయితే చెట్టుదే తప్పు! మా ఇంట్లోనూ ఒక్కోసారి నల్లగానే వచ్చేది. పోతుతాడి నీరాది పసుపు, పెంటితాడిది నలుపు అని అమ్మే చెప్పేది."

"చెట్టూ కాదు, సున్నమూ కాదు. చిక్కబడే వేళకి మంట తగ్గించి తిప్పుతూనే ఉండాలి. గరిటె వదిలితే అడుగంటుతుంది."

"ఎందుకు వదిలావు మరి?"

"ఎందుకా? ఎందుకు వదిలానా? వెనకనుంచి వచ్చి జడ లాగిందెవరు?"

"పూలు పెడదామనీ..."

"పూలు పెట్టడానికి అంతసేపా?"

"ఒక్కో పువ్వే పెట్టాను."

"నవ్వించకండి! అయ్యో, రిక్షా ఆగింది!"

"రా అమ్మా, సంచీ ఇలా ఇవ్వు."

"సంచీకేం తొందరరా గున్నా. అమ్మాయ్ కన్యకా, ఏదీ పాకం?"

"ముందు మజ్జిగ తాగండి, అత్తయ్యగారూ."

"మజ్జిగ మా ఇంట్లోనూ ఉంది. చెంచా ఇయ్యి... ఊఁ."

"బాలేదాండీ?"

"చిరుచేదు తగిలింది. దాని వెనకే తీపి."

"పెంటితాడి నీరా అమ్మా, అందుకే..."

"నువ్వూరుకో. గరిటె వదిలేశావా, అమ్మాయ్?"

"వదిలేశానండి."

"ఏం?"

"అదీ... ఈయన..."

"అమ్మా, నీకు నీళ్లు తోడతాను. కాళ్లు కడుక్కుందువుగాని."

"వెళ్లాడా? నువ్విలా దగ్గరికి రా. ఏడుపు మొహం పెట్టకు. మీ మామగారు కాకినాడ కొట్లో ఉంటారు, ఆదివారం ఒక్కరోజే ఇంటికొస్తారు, తెలుసుగా?"

"తెలుసండి."

"ఇన్నేళ్లొచ్చాయి, ఆదివారం కాచిన పాకం నాకు ఒక్కసారైనా పచ్చగా వస్తే ఒట్టు."