ఒకే బెంచీపై

"స్టేజీ మీద నోరు తడబడితే అందరు నవ్వుతరేమో బిడ్డా. నాకు గుండె దడగుంది," అన్నది తల్లి, రేపటి ఉపన్యాసాల పోటీ కోసం అద్దాల లంగాను కూతురి నడుముకు సరిపడేలా కుడుతూ.

"నవ్వరు యాడీ," అని అమ్మకు ధైర్యం చెప్పింది పిల్ల. "మన తండా బట్టలల్లనే రమ్మన్నడు సారు. నాలుగో క్లాసుల ఫస్ట్ ప్రైజ్ నాకేనంట."

"ఏదీ, ఒక్కసారి చెప్పు."

"మా బడిలో అన్ని కులాల, అన్ని భాషల పిల్లలం ఒకే బెంచీపై కూర్చుంటాం. ఒకరి బాక్సులోది ఒకరం పంచుకుంటాం."

"మరి నీ బాక్సుల జొన్నరొట్టె రోజూ అట్లనే ఇంటికొస్తుందేంది? నీ పక్కన ఎవరు కూసుంటరు?"

పిల్ల తల దించుకుంది. తల్లి చేతిలో సూది ఆగిపోయింది.

"ఎవ్వరు కూసోరు యాడీ. సారుకు ఎరికే. ఇదంత రాసిచ్చింది సారే."