మూడో చరణం దాకా

ఈ మందిరాన్నీ, ఈ రేవునీ, వాన ఆగని మన ఊరినీ కాచుకునే సముద్రపు తల్లి మాచోకు మొదటి దండం. సభను నడిపిస్తున్న ఆలయ కమిటీ పెద్దలు కో సుయిగియోంగ్ గారికి, ముందు వరసలో కూర్చున్న మా సియుబీ వదినకు, తడిసిన గొడుగులతోనే వచ్చిన కీలుంగ్ పెద్దలకూ అక్కచెల్లెళ్లకూ నా నమస్కారం. మైకు దగ్గరగా పెట్టుకోమని వెనకనుంచి సైగ చేస్తున్నారు. పెట్టుకున్నాను. నా గొంతు ఇంతేనండీ, ఏమీ అనుకోకండి. (నవ్వులు)

మన గాయకుడు, నేను అన్నయ్యా అని పిలిచే లియావ్ కున్‌హో గారు పోయి ఏడు వారాలు నిండాయి. నిన్నటితో పూజలన్నీ ముగిశాయి. నేను ఆయన వెనక ముప్పై ఏళ్లు పాడానని కో గారు అన్నారు గానీ, నిజానికి పాడింది తక్కువ. ఆయన మాటలు పాడుతుంటే నేను వెనక నిలబడి ‘ఊ...’ అనేదాన్ని. కథ చెప్పేవాళ్లకు ఊ కొట్టే మనిషి కావాలి కదా, ఆ మనిషిని నేను. అన్నిచోట్లా ఊ కొట్టేవాళ్లు నిద్రపోతారు. మా దగ్గర మాత్రం ఊ కొట్టే నేను మేలుకుని ఉంటే, వినేవాళ్లు నిద్రపోయేవాళ్లు. (నవ్వులు)

నవ్వకండి, ఇక్కడున్న వాళ్లలో నిద్రపోనివాళ్లెవరో చెప్పండి చూద్దాం. ఆయన గొంతు అలాంటిది. రేవులో నీళ్లు పడవను తాకీ తాకనట్టు ఊపుతాయే, అలా ఉండేది. ఒకసారి తూర్పు తీరానికి బస్సులో వెళ్తుంటే, ఏడుస్తున్న ఓ పసిబిడ్డ కోసం అన్నయ్య మెల్లగా కూనిరాగం తీశారు. బిడ్డ పడుకుంది, బిడ్డ తల్లి పడుకుంది, బస్సంతా పడుకుంది. డ్రైవరు అద్దంలోంచి దండం పెట్టి, “బాబ్బాబు, ఆపండి పెద్దాయనా! నేనూ పడుకుంటే ఈ కొండదారి ఎవరు చూసుకుంటారు?” అన్నాడు.

అందరం నవ్వాం, ఆయనా నవ్వారు. కానీ బస్సు దిగాక నాతో ఒక మాట అన్నారు. “చెల్లాయ్, నా పాట చివరిదాకా విన్నది నువ్వూ, ఆర్గన్ వాయించే లోక్‌సానూ. మీరైనా జీతం తీసుకుంటున్నారు కాబట్టి విన్నారు.”

ఆ చివర ఏమిటో మీకు చెప్పాలి. ‘పడవలన్నీ కట్టేశాక’ పాట మీ అందరికీ వచ్చు. రికార్డులో రెండు చరణాలే పట్టాయి. మూడోది వేదిక మీద మాత్రమే పాడేవారు. అప్పటికి సగం హాలు కునుకులో ఉండేది, మిగతా సగం చెప్పులు వెతుక్కుంటూ ఉండేది.

అందరికంటే ముందు నిద్రపోయేది మా వదిన. పెళ్లికి ముందు ఆవిడ తెల్లవారకముందే చేపల వేలానికి వెళ్లి గంపలు మోసేది. మధ్యాహ్నం ఆటకు టికెట్టు కొని, మొదటి వరసలో కూర్చుని హాయిగా నిద్రపోయేది. అన్నయ్యకు ఒళ్లు మండి, ఆట అయ్యాక దిగివచ్చి నిలదీశారట.

“ఏమ్మాయ్, నిద్రపోవడానికి డబ్బులిచ్చి రావాలా?”

“ఇంట్లో ఆరుగురు తమ్ముళ్లు. అక్కడ నిద్రెక్కడ దొరుకుతుంది? ఇక్కడైతే చవక.”

ఆ మాటకే పెళ్లి కుదిరిందని లోక్‌సాన్ అన్న ఇప్పటికీ చెబుతారు. (నవ్వులు) వదినా, తల వంచుకోకండి, ఇది ఊరంతటికీ తెలిసిందే.

ఇప్పుడు కాస్త కష్టమైన మాట. అన్నయ్య పోయిన దగ్గర్నుంచి వదినకు సరిగా నిద్ర లేదు. మందులు వాడారు, పడలేదు. ఆయన పాట మూడో చరణంతో సహా నేను పాడతానంటే పాడనివ్వలేదు. ఎందుకని అడిగితే ఇలా అన్నారు: “ఆ మూడో చరణంలో ఏముందో నాకు తెలియదే. ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు వింటే, ఆయన దగ్గర నేను విననిది ఇంకేం మిగులుతుంది?”

నేను మాచో తల్లి ముందు అగరొత్తి వెలిగించి వచ్చేశాను.

ఇవాళ పాట మొత్తం పాడాలని కమిటీ నిర్ణయించింది. అందుకని పొద్దున ఆయన పటం ముందు వేరుశెనగ పాయసం పెట్టి, అందరం చేసినట్టే రెండు నాణేలు వేసి అడిగాం. పాయసం తినడం అయిందా అంటే బొమ్మా బొరుసూ పడ్డాయి, అయిందన్నారు. పాట చివరిదాకా పాడమంటారా అంటే రెండూ బొమ్మలే పడ్డాయి. అంటే అవుననీ కాదనీ చెప్పకుండా నవ్వుతున్నారన్నమాట. మళ్లీ వేశాం, మళ్లీ నవ్వారు. కో గారు కంగారుపడి, “నవ్వితే ఎలాగండీ? కార్యక్రమం అచ్చు కూడా వేయించేశాం!” అన్నారు. (నవ్వులు)

చివరికి వదినే తేల్చారు. “పాడు. ఈసారి మేలుకుని ఉంటాను” అని చిక్కటి టీ తెప్పించుకున్నారు. అదిగో, కప్పు చేతిలోనే ఉంది.

లోక్‌సాన్ అన్నా, మొదలుపెట్టండి. ఇన్నాళ్లూ ఊ కొట్టిన గొంతు ఇది. మాటలు దీనికి కొత్త, తప్పులుంటే మన్నించండి.

‘పడవలన్నీ కట్టేశాక
నీళ్లకు ఇక పనేముంది...’

(మొదటి చరణం పాడారు. రెండో చరణం పాడారు.)

అన్నా... ఆపండి. ఒక్కసారిగా వద్దు, మెల్లగా తగ్గించండి.

వదిన తల పక్కకు వాలింది. లేదు లేదు, కంగారుపడకండి, ఊపిరి చూడండి ఎంత నిదానంగా ఉందో. నిద్రే. పక్కన కూర్చున్న అమ్మా, ఆ కప్పు అందుకోండి, ఒలికిపోతుంది.

పొద్దున ఆయన ఎందుకు నవ్వారో ఇప్పుడు తెలిసింది.

కో గారూ, అచ్చు వేసినదాంట్లో ఒక్క వరుస తప్పయింది, క్షమించండి. మూడో చరణం ఇవాళ పాడను. అది వదినకు ఇంకా మిగిలే ఉంది.

వచ్చినవాళ్లందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. చప్పట్లు వద్దు. కుర్చీలు లాగకండి, గొడుగులు గుమ్మం దాటాకే తెరవండి. ఆవిడ లేచేదాకా నేనిక్కడే కూర్చుంటాను.

సెలవు. మెల్లగా... సెలవు.