ఇంటర్వెల్ దాకా సూసినోడు

కాదురా త్రినాథా, మైకు కనిపిస్తే నోరు జారనోడు ఈ జిల్లాలో ఎవుడున్నాడు? ఆవేళ సినిమా హాలు బయట అందరూ వాగినారు. అందరూ ఇళ్లకెళ్లి సుబ్బరంగా అన్నాలు తిన్నారు. నా పెళ్లాం మాత్రం సంచి సర్దుకోని మీ ఇంటికొచ్చీసినాది. వారం అయిపోనాది. ఇదేటి నాయం?

మీ అక్క ఈశ్వరి ఏటన్నాదో తెలుసునా? "మా తమ్ముడు నోరు తెరిసి 'సర్లే అక్కా, ఎళ్లు' అంటే వస్తాను, లేదంటే గరివిడిలోనే ఉంటాను" అన్నాది. ఒరే, నోరు తెరవడమే నీకు రాని పని కదా! కొండెక్కమంటే ఎక్కీసేవోణ్ని.

అలాగ సూడకు. ఆ సూపుకేనంట కదా అవార్డు నామినేషను! హైదరాబాదులో ఫంక్షనంట, ఉత్తమ సహాయ నటుడంట, అయిదుగురిలో నువ్వొకడివంట. మిగతా నలుగురికీ కార్లున్నాయి, నీకు ఫ్యాక్టరీ గేటు పాసున్నాది. సంతోషమే బాబూ. బామ్మర్దివి, నాకు సంతోషం కాదేటి? గానీ సినిమాలో మాటాడకపోతే నటన. ఇంట్లో కూడా మాటాడకపోతే ఎదుటోడు సచ్చిపోతాడురా.

గ్లాసుడు నీళ్లిచ్చినావు, అంతే. సరే. ఇనుకో.

నా సంగతి నీకు తెల్దేటి? ఏడురోడ్ల కాడ జెరాక్స్ షాపు పేరుకే. నా అసలు ఉద్యోగం సినిమా. శుక్రవారం మార్నింగ్ షోకి షట్టరు దించీసే జెరాక్సు శ్రీకాకుళం మొత్తానికి నాదొక్కటే. హాల్ టికెట్టు జెరాక్సుకి వచ్చిన పిల్లలు ఏడిసినా ఆగను. ఆట వదిలేసరికి యూట్యూబోళ్లు మైకులట్టుకోని గేటు కాడ నిలబడతారు కదా, ఆ మైకుల ముందర ఆరేళ్లుగా నానే. 'రివ్యూ జగన్నాధం' అంటే ఆటోవోళ్లు కూడా గుర్తుపడతారు. డబ్బులు మాత్రం తీసుకుంటారు, అది వేరే సంగతి.

నా మాట ఎప్పుడైనా అబద్ధమయ్యిందేటి? ఈమధ్య వచ్చినవే తీసుకో. ఆ పెద్ద హీరోది, మూడుంపావు గంటలు. గెడ్డం ఒక గంట, తుపాకీ ఒక గంట, మిగతాది పొగ. తెరంతా సీకటి. పక్క సీటోడు సెల్లు లైటు ఏస్తే గానీ అందులో హీరోయిన్ ఉన్నాదని తెలీలేదు. ఆఖర్న 'రెండో భాగంలో కలుద్దాం' అని ఏసినారంట. మొదటి భాగంలో ఎప్పుడు కలిసినామురా నాయనా?

ఇంకోటి, ఆ గ్రాఫిక్సు పాము సినిమా. అయిదు భాషల్లో బుసకొట్టినాది. మా షాపులో ఇంకు అయిపోయిన మిషన్లో కలర్ జెరాక్సు తీసినా అంతకన్నా బాగొస్తాది.

ఇంకా మన యాస పెట్టినామని పోస్టర్ల మీద ఏసుకుంటన్నారు! హీరో రెండుసార్లు 'ఏటి' అంటాడు. మూడోసారికి అమీర్‌పేటలో దిగిపోతాడు.

అవార్డులా? నన్నడిగితే ఉత్తమ నటుడు మేకపిల్ల. ఆ జాతర సినిమాలో ఉన్నాది సూడు, అది. నాలుగొందల మంది జూనియర్ ఆర్టిస్టుల్లో కెమెరా వేపు సూడనిది అదొక్కర్తే. ఉత్తమ ఎడిటింగు ఆ ఆట మజ్జిలో పోయిన కరెంటుకి ఇయ్యాల. సరిగ్గా ఐటం పాట మీద పోనాది, పాట అవగానే వచ్చీసినాది. అంత లెక్కగా ఏ ఎడిటరు కోస్తాడు?

అద్గదీ, నవ్వినావు! పెదవి కదిలినాది, నాను సూసినాను. కాదా? దోమేటి? సరే.

మరి ఇప్పుడు మీ సినిమా కాడికి వస్తాను. శ్రీముఖలింగంలో తీసిన ఆ సిన్న సినిమా. మొదటాటకి మీవోళ్లంతా గరివిడి నుంచి వేను కట్టించుకోని వచ్చినారు. మీ అక్క బాల్కనీలో మీ అమ్మ పక్కన కూకున్నాది. నాను ఎప్పట్లాగే కింద, తలుపు పక్క సీటు. ఆట వదిలినాది. మైకోడు 'ఎలాగుంది సార్' అన్నాడు.

నానేటన్నాను? "ఫస్టాఫ్ పరవాలేదు. సెకండాఫ్ లాగ్. మజ్జిలో ఎవుడో సెక్కబొమ్మలాగ కూకోని అన్నం తింటాడు. ఆడు తినడం మనం సూడ్డానికి టికెట్టేటి? మనింటికెళ్లి మనమే తినొచ్చు కదా. ఆణ్ని కత్తిరించీస్తే సినిమా ఆడతాది" అన్నాను.

నీకు నామినేషను వచ్చినాక ఆ ముక్క మళ్లీ పైకి తేలినాది, రెండు లచ్చల మంది సూసినారంట. మీ అక్క రెండు లచ్చల ఒకటో మనిషి. మీ అమ్మ సెల్లులో సూసినాది, నా మొహం ముందరే సూసినాది, సంచి తీసినాది.

తప్పే. కాదన్నానేటి? గానీ ఒక నిజం సెప్తాను, ఇది మీ అక్కకి తప్ప మూడో మనిషికి తెల్దు. నీ అరుగు మీద ఒట్టు. నాను... ఆరేళ్లలో ఒక్క సెకండాఫూ సూళ్లేదురా.

నవ్వకు. నవ్వలేదులే, నువ్వెందుకు నవ్వుతావు.

ఇంటర్వెల్‌కి లేసి వచ్చీస్తాను. క్యాంటీను బల్ల మీద నడుం వాలుస్తాను. ఎందుకు? ముందొచ్చినోడిదే మైకు! జనం వదిలినాక తోసుకుంటా వస్తే నా మొహం ఎవుడికి కావాల? 'సెకండాఫ్ లాగ్' అనీసి ఊరుకుంటే సాలు. పదింట్లో తొమ్మిదికి అదే నిజమైపోతాది. పదోది ఆడేదాకా ఎవులికి గుర్తుంటాది?

సగం సినిమా సూసి పూర్తి రివ్యూ సెప్తాడు జగన్నాధం అని తెలిస్తే ఊళ్లో తలెత్తుకోగలనేటి? అయినా ఆ పరువు తీసికెళ్లి మీ అక్క ముందర పెట్టీసినాను. "నాను సెకండాఫ్ సూళ్లేదే, నీ తమ్ముడు గుంపులో ఎక్కడో ఉంటాడనుకున్నానే, తెలీక కూసినానే" అన్నాను ఫోన్లో. మెత్తబడ్డాది. "తెలీక అంటే మరేటి సేస్తాం, తమ్ముడికి సెప్పుకో" అన్నాది. అందుకే పొద్దున్నే పాసింజరెక్కి వచ్చినాను. సంచి కూడా సర్దుకున్నాదంట, లోపల్నుంచి మీ అమ్మ సైగ సేసినాది.

కాబట్టి అనీ. 'సర్లే అక్కా.' రెండు ముక్కలు. కావాలంటే గోడ మీద రాసిస్తాను, సదువు.

ఏటి? ఏటలాగ సూస్తావు?

ఓహో. సూడనోడికి అన్నం తినే సీను ఎలాగ తెలిసినాది అనా?

క్యాంటీనోడు సెప్పినాడురా. 'సెకండాఫ్‌లో ఒక సీనుంది సార్, ఒకాయన అన్నం తింటాడు' అన్నాడు. ఆడు ఎలాగ సూసినాడంటే... ఆడు సమోసాలు... సమోసాల ట్రే అట్టుకోని లోపలికెళ్లినప్పుడు... సెకండాఫ్‌లో సమోసాలు ఎవుడు కొంటాడనా? కొంటారు! కొందరుంటారు!

అబ్బ, సూడకురా అలాగ. పోలీసోళ్లు కూడా రెండు తిట్లు తిట్టి అప్పుడు సూస్తారు.

సూసినాను.

సూసినాను, సరేనా? ఆవేళ ఇంటర్వెల్‌కి లేసి తలుపు దాకా ఎళ్లినాను. మా బామ్మర్ది గుంపులో ఎక్కడ తేలతాడో సూసి ఓ ఈల ఏసి పోదామని సెకండాఫ్ మొదలయ్యేదాకా ఆగినాను. నిజం, ఈల ఏద్దామనే. రెండు వేళ్లు నోట్లో ఎట్టుకోనే నిలబడ్డాను.

తెర మీదికి నువ్వొచ్చినావు. పెళ్లాం పోయిన మనిషివి. రెండు కంచాల్లో అన్నం వడ్డించినావు, అలవాటు మీద. రెండో కంచం కాసేపు సూసినావు. అందులోది తీసి నీ కంచంలో ఏసుకోని తిన్నావు. మాట లేదు, మ్యూజిక్ లేదు. నా ముందర వరసలో పాప్‌కార్న్ తింటన్నోడు నమలడం ఆపీసినాడు. ఆరేళ్లుగా మైకులో గొంతు సించుకుంటన్నాను, నాకోసం ఒక్కడు నమలడం ఆపలేదురా!

పైన బాల్కనీలో ఎవులో ముక్కు సీదినారు. ఆ సీదుడు నాకు తెల్దేటి, ఇరవై రెండేళ్ల కాపురం. మీ అక్క. నా ఏ మాటకీ అలాగ ఏడవలేదు. తిట్టినప్పుడు కూడా.

మరి ఆ ఏసం ఎవులికి రావాల? సినిమావోళ్లు ముఖలింగంలో మనుషుల్ని ఎతుకుతన్నారని నీకు సెప్పినది ఎవులు? నాను. నాకు మోకాలు నొప్పని బండి తోలడానికి నిన్ను తీసికెళ్లినాను. డైరెక్టరు గుంటడికి గంటన్నర సెప్పినాను, సినిమా ఎలాగ తియ్యాలో. ఏడిసి సూపించినాను. పాము కరిసి పడిపోయినట్టు సూపించినాను, ఆ మట్టిలో, కొత్త చొక్కాతో. ఆడు నా బుజం మీంచి అవతలికి సూస్తన్నాడు. అక్కడ నువ్వు బండి మీద కూకోని ఏరుశెనక్కాయలు ఒలుసుకుంటన్నావు.

"ఆయన ఎవరండీ?" అన్నాడు.

డ్రైవరు అన్నాను. బామ్మర్ది అని నోటికి రాలేదు.

అందుకే అన్నాను సెక్కబొమ్మ అని. తెలీక కాదు. తెలిసే, సూసే, ఆ మైకు నానే దగ్గరికి లాక్కోని మరీ అన్నాను. ఇంక ఎళ్లి మీ అక్కకి సెప్పీ. తెలీక కూసినానంటే ఒప్పుకున్నాది. తెలిసి కూసినానంటే ఆ సంచి మళ్లీ ఇప్పీస్తాది. ఇప్పనీ. పాసింజరు సాయంత్రం ఇంకోటున్నాది, ఒక్కడినే ఎళ్లిపోతాను.

ఏటి? ఏటన్నావు? గట్టిగా అను, నీ గొంతు ఇనే అలవాటు లేదు నాకు.

'ఎలాగ సేసినాను బావా' అనా?

వారం బట్టి ఇదే అడగాలని కూకున్నావేటిరా? ఫ్యాక్టరీలో అందరూ బాగుందన్నారు కదా, పేపర్లో బొమ్మ ఏసినారు కదా, నామినేషను ఇచ్చినారు కదా. ఆళ్లందరికీ సినిమా తెల్దా? నాను సెప్తేనే నమ్ముతావా? సగం సినిమా సూసినోడు సెప్తేనా?

ఒరే, శానా బాగా సేసినావురా. అంత బాగా సెయ్యడమే నాకు నచ్చలేదు.