బిల్లు ఎవరి పేరు మీద

సభకు అధ్యక్షత వహిస్తున్న మా ప్రిన్సిపాల్ మాధురి గారికి, జమ్మలమడుగు నుంచి శ్రమపడి వచ్చిన ముఖ్య అతిథి, అక్కడి కాలేజీ కరస్పాండెంట్ బాలకృష్ణయ్య గారికి, వేదిక మీది పెద్దలకు, వేదిక మీద కుర్చీ దొరకనందుకు మొహం ముడుచుకుని ముందు వరసలో కూర్చున్న ఇంకాస్త పెద్దలకు, అటెండెన్స్ వేస్తామంటే వచ్చిన విద్యార్థులకు నమస్కారం. (నవ్వులు)

నవ్వండి. లైబ్రరీలో నిశ్శబ్దం బోర్డు పెట్టినవాణ్ణి నేనే. ఈ సాయంత్రం రిటైరయ్యాక దాని మీద నాకు అధికారం లేదు.

ఇందాక మాట్లాడిన వాళ్ళంతా నన్ను సౌమ్యుడన్నారు. కామర్సు కరీముల్లా గారైతే ఏకంగా అజాతశత్రువన్నారు. ఆయన తీసుకుపోయిన పుస్తకాల కోసం ఇంటికి మనిషిని పంపిన రోజున నన్నేమన్నారో ఈ మైకులో చెప్పదగిన మాట కాదు. తల దించుకోకండి కరీముల్లా గారూ, ఆ పుస్తకాలు చదివి ఉంటే నేను ఏనాడో మరిచిపోయేవాణ్ణి. ఎట్లా పోయినవి అట్లా, అంటుకున్న పేజీలు కూడా విడకుండా తిరిగొచ్చాయి. (నవ్వులు)

ప్రిన్సిపాల్ గారు నేను కాలేజీకి ఎంతో ఆదా చేశానన్నారు. నేను చేసిన పని అది కాదమ్మా. ఏం చేశానో ఒక్కరూ చెప్పలేదు కాబట్టి, నా సంగతి నేనే చెప్పుకోవాల్సిన గతి పట్టింది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. మూడూళ్ళలో మా మూడు కాలేజీలు, మూడు లైబ్రరీలు. ఒకరు కొన్న పుస్తకమే మిగతా ఇద్దరూ కొనేవారు, నిజంగా కావలసింది ఎవరూ కొనేవారు కాదు. జమ్మలమడుగు లైబ్రేరియన్ అబ్దుల్ వాహిద్, పులివెందుల లైబ్రేరియన్ రమణి గారు, నేను కూడబలుక్కుని ఒక ఒప్పందం రాసి, యాజమాన్యాల చేత సంతకాలు పెట్టించాం. చరిత్ర పుస్తకాలన్నీ జమ్మలమడుగులో, వ్యవసాయం పులివెందులలో, కామర్సు, కెమిస్ట్రీ మా దగ్గర. ఎక్కడున్నా అవి ముగ్గురివీ. ఎవరికైనా పుస్తకం కావాలంటే అట్టపెట్టెలో కట్టి ఆర్టీసీ కండక్టరు చేతిలో పెట్టేవాళ్ళం, బస్సు కదలగానే ఫోను. "ఏమప్పా ప్రొద్దుటూరూ, నీ పెట్టె ఎక్కిచ్చినా. డ్రైవరు ఎనక సీటు కింద ఉంది. బిరీన బస్టాండుకు పో, లేకుంటే అది కడపకు పోతాది." వాహిద్ నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. నేనూ "ఏం జమ్మలమడుగూ" అనేవాణ్ణి.

దేశదేశాల పత్రికలు కంప్యూటర్లో చదివే ఏర్పాటు వచ్చాక, ఒక్కొక్క కాలేజీగా అడిగితే అమ్మే కంపెనీవాళ్ళు మా ఉత్తరానికి జవాబు కూడా ఇవ్వలేదు. మూడు కాలేజీల పేరునా ఒకే ఉత్తరం రాశాం. కొనుగోలు ఒకటే, ఖర్చు ముగ్గురిదీ, పాస్‌వర్డులు మూడూళ్ళకూ. సింహాద్రిపురం రైతుబిడ్డ పులివెందులలో కూర్చుని, చీనీ, అదే బత్తాయి చెట్ల తెగులు గురించి ఏ దేశంలో ఏం కనిపెట్టారో చదివి, వాళ్ళ నాయనతో పోట్లాడి మందు మార్పించాడని రమణి గారు చెప్పినప్పుడు, ఆ రోజు నాకు అన్నం సయించలేదు, సంతోషంతో.

తర్వాత కాలేజీలకు గ్రేడు ఇచ్చే కమిటీ వచ్చింది. జమ్మలమడుగులో వాళ్ళడిగిన మొదటి ప్రశ్న, ఈ పత్రికలు ఎవరు చదువుతున్నారని కాదు. బిల్లు ఎవరి పేరు మీద ఉందని. ఎవరో ఒకరి పేరు మీద ఉండాలి కాబట్టి మా కాలేజీ పేరు మీద ఉంది. వాళ్ళకు ఆ పద్దులో మార్కులు పడలేదు. మర్నాడే బాలకృష్ణయ్య గారు మా లైబ్రరీకి వచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా, "ఏందప్పా ఇది? దుడ్లు మావి, పేరు మీదా? మేమేమన్నా తోడుపెండ్లికొడుకులమా?" అన్నారు. (నవ్వులు. ముఖ్య అతిథి కూడా నవ్వారు.)

నవ్వుతున్నారంటే గుర్తుందన్నమాట. ఏడాదికొకరి పేరు మీద తిప్పుదాం సార్ అన్నాను. "మొదటేడు ఎవురిది?" అన్నారు. ఆ ప్రశ్న దగ్గరే మా ఒప్పందం ప్రాణం పోయింది.

ఆ పైన ముగ్గురూ ఎవరి పేరు మీద వారు, ఒకే ఏజెంటు దగ్గర, పత్రికల్లో ఒకే చవక సరుకు కొన్నారు. మూడిళ్ళలోనూ అదే చిక్కుడుకాయ కూర. మూడు కాలేజీలకూ గ్రేడు వచ్చింది, మూడు గేట్లకూ ఫ్లెక్సీలు కట్టారు. చరిత్ర పత్రికలు మాత్రం ఆ సరుకులో లేవు. మేము పాతకాలంలో తెప్పించి బైండు చేయించిన సంపుటాలేమో, ఒప్పందాన్ని నమ్మి ఏనాడో జమ్మలమడుగుకు పంపేశాం. ఒప్పందం పోయింది, సంపుటాలు అక్కడే ఉండిపోయాయి.

రమణి గారు ఉద్యోగం మానేసి నెల్లూరు వెళ్ళిపోయారు. వాహిద్ మాత్రం మానలేదు, అడిగినప్పుడల్లా పెట్టె ఎక్కించేవాడు. "మీ పెద్దాయన వద్దన్నాడు కదా" అంటే, "పెద్దాయన బస్టాండుకు రాడులేప్పా" అనేవాడు. (నవ్వులు) బాలకృష్ణయ్య గారూ, ఇప్పుడు మెమో ఇవ్వడానికి వీల్లేదు. పోయిన రంజాన్ నెల మొదట్లో అతను చనిపోయాడు.



అప్పటి నుంచి మా లైబ్రరీ ఫోను మోగితే, హాలు ఖాళీగా ఉందా, పరీక్షలు పెట్టుకుంటామని అడగడానికే. ఈ ఊళ్ళో బంగారం ధర మాట్లాడేవాళ్ళు అడుగుకొకరు దొరుకుతారు. ఫలానా పుస్తకం శుద్ధ దండగ అంటే, కాదని నాతో జగడానికి వచ్చేవాడు వాహిద్ ఒక్కడే. ఇప్పుడు నేను చదివింది నాలోనే పడి ఉంటోంది. మనిషి ముసలివాడయ్యేది వయసుతో కాదు, తన మాట తప్పని చెప్పేవాడు లేకపోవడంతో.

సరే, అసలు విషయం. సాజియా, లేచి నిలబడమ్మా. ఈ అమ్మాయిది వీరపునాయునిపల్లె. ఎమ్మే చరిత్ర, ఆఖరి సంవత్సరం. ప్రొద్దుటూరికి పత్తి వ్యాపారం ఎట్లా వచ్చిందో రాస్తోంది. నెలాఖరులోగా ఇవ్వకపోతే ఏడాది పోతుంది. ఆమెకు కావలసింది మేము పంపిన ఆ సంపుటాల్లోనే ఉంది. వాహిద్ పోయాక అడిగిన ప్రతిసారీ, బయటి కాలేజీకి ఇవ్వబడదని గుమాస్తా చేత చెప్పించారు. అందుకే బాలకృష్ణయ్య గారూ, ముఖ్య అతిథిగా మిమ్మల్నే పిలవమని ప్రిన్సిపాల్ గారిని అడిగింది నేను.

ఒప్పందం మళ్ళీ రాయమని అడగను, అది మీ వల్ల కాదు. ఈ పిల్ల మొహం చూసి మీ నోటితో ఒక్కసారి చెప్పండి, పుస్తకాలు ఉన్నాయి, ఇవ్వను అని.

(బాలకృష్ణయ్య గారు మైకు అందుకోలేదు, కుర్చీలోంచే మాట్లాడారు.)

"ఏమప్పా, సన్మానమని పిల్సి పంచాయితీ పెట్టినావే!"

"ఇంకోసారి నాకు మైకు ఎవరిస్తారు సార్?"

"బయటికియ్యం. ఇస్తే రేపు కమిటీవాళ్ళకు యాడ జూపేది? పాప ఆడికొచ్చి కూచోని రాసుకుంటే వద్దనేదెవురు?"

"రేపే వస్తా సార్!" అంది సాజియా. (చప్పట్లు)

"రేపు సరే, నెలాఖరు దాకా?" అన్నాను.

"రామ్మా, రాసేది అయిపోయేదాంక రా. శానా మొండోనివప్పా నువ్వు."

ఆ బిరుదు బాగుంది, అజాతశత్రువు కంటే. (నవ్వులు) విన్నారుగా, హాలంతా సాక్షి. కానీ ఇది గెలుపని చప్పట్లు కొట్టకండి. ఒకప్పుడు పుస్తకం బస్సెక్కి పిల్లల దగ్గరికి వచ్చేది, ఇప్పుడు పిల్ల బస్సెక్కి పుస్తకం దగ్గరికి పోతుంది. కాలేజీలు ముందుకు పోతున్నాయని ఇందాక ప్రిన్సిపాల్ గారు అన్నది దీన్ని గురించే కాబోలు.

ఇంకొక్కటి సార్. రేపటి నుంచి నేనూ బయటివాణ్ణే. ఆ అమ్మాయితో పాటు నన్నూ లోపలికి రానివ్వండి. పుస్తకాలేం అడగను. వాహిద్ బల్లకు ఎదురుగా ఒక కుర్చీ ఉంటుందట. "ఒకసారి రాప్పా, ఎదురెదురుగా కూచోని కొట్లాడుకుందాం" అనేవాడు. ముప్పావుగంట ప్రయాణం. పుస్తకాలు పోయి వస్తున్నాయి, మాట పోయి వస్తోంది, ఇంక మనిషెందుకులే అని ఇద్దరం ఊరుకున్నాం. సంతకాల రోజు ఒక్కసారి తప్ప మేం ముఖాముఖి కూర్చున్నది లేదు. ఇప్పుడు పోతే ఎదురుగా ఎవరూ ఉండరని తెలుసు. అయినా కూర్చోవాలని ఉంది.

(ముఖ్య అతిథి తల ఊపారు.)

తల ఊపారు. అది మైకులో వినపడదు కాబట్టి నేను చెబుతున్నాను.

శాలువాకు, దండకు, ఇంతసేపు ఓర్చుకున్నందుకు అందరికీ కృతజ్ఞతలు. సాజియా, నేను పొద్దున్నే బస్టాండులో ఉంటాను, ఆలస్యం చెయ్యొద్దు. సెలవు.